ఎండకూ ఏసీకీ మధ్య ఒక వసారా

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 38 ఏళ్లు. విజయవాడలో ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పనిచేస్తాను. బస్సు దిగి పది నిమిషాలు ఎండలో నడిచి షాపుకు వెళ్లేసరికి ఒళ్లంతా చెమట. లోపల ఏసీ 18లో పెడతారు. నా కౌంటర్ సరిగ్గా దాని కిందే. మొదట అయిదు నిమిషాలు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, పావుగంటకల్లా వణుకు. మధ్యాహ్నం మేడ మీద రేకుల షెడ్డులో క్యారేజీలు విప్పుకుని తిని మళ్లీ కిందికి వస్తాం. ఇక అక్కడి నుంచి తుమ్ములు, నుదుటి మీద నొప్పి, మెడ పట్టేయడం. రాత్రి ఇంటికి వెళ్తే ఇల్లు కొలిమిలా ఉంటుంది. మా అత్తగారికి 68 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. ‘ఇలా వేడిలోంచి చలిలోకి, చలిలోంచి వేడిలోకి తిరిగితే పక్షవాతం వస్తుంది, ఉద్యోగం మానెయ్’ అంటున్నారు. మా వారేమో ‘అందరూ చేయట్లేదా, అంతా నీ మనసులోనే ఉంది’ అంటారు. పోయిన నెల వాయిదాల మీద ఇంట్లోకీ ఏసీ కొన్నాం. అత్తగారు ఆ గదిలో అడుగుపెట్టరు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం మానేయాలా? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ఇది మనసులో పుట్టింది కాదని మీ వారితో చెప్పండి. దీనివల్ల పక్షవాతం వచ్చేస్తుందని భయపడక్కర్లేదని అత్తగారితోనూ చెప్పండి. ఉద్యోగం మానేయక్కర్లేదు. అలాగని ఇప్పుడు నడుస్తున్నట్టే నడవనివ్వడమూ మంచిది కాదు. మీ ఒళ్లు రోజుకు నాలుగుసార్లు ఒక పెద్ద గోడ దూకుతోంది. ఆ గోడను మెట్లుగా మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. ఎలాగో చెప్పేముందు అసలు లోపల ఏం జరుగుతోందో చెప్తాను. అది అర్థమైతే జాగ్రత్తలు సగం మీకే తడతాయి.

మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మొదట అయిదు నిమిషాలు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, పావుగంటకల్లా వణుకు.’ ఆ పావుగంటలో ఏసీ మారలేదు, గది మారలేదు. అదే గాలి. మరి హాయిగా ఉన్నది కాస్తా వణుకెందుకయింది?

మీకు సెలవున్న రోజు ఇంట్లో ఒక పని చేసి చూడండి. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్లు, ఒకదాంట్లో చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు, మధ్యదాంట్లో రాత్రి నుంచి గదిలోనే ఉన్న మామూలు నీళ్లు పోయండి. మే నెలలో అయితే వేడినీళ్లు కాచక్కర్లేదు, మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే చాలు. ఎడమ చేయి చల్లటి గిన్నెలో, కుడి చేయి వేడి గిన్నెలో ఒక నిమిషం ఉంచండి. తర్వాత రెండు చేతులూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. ఎడమ చేతికి ఆ నీళ్లు వెచ్చగా ఉన్నాయనిపిస్తుంది, కుడి చేతికి అవే నీళ్లు చల్లగా ఉన్నాయనిపిస్తుంది. గిన్నె ఒకటే, నీళ్లు ఒకటే, మనిషీ ఒక్కరే. ముందు పిల్లలతో చేయించండి, ఆ తర్వాత మీ వారితో. ‘మనసులోనే’ అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు.

మన చర్మం థర్మామీటర్ లాంటిది కాదు. ఇప్పుడెంత ఉందన్నది దానికి పెద్దగా పట్టదు. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఎంత, ఆ తేడా ఎంత వేగంగా వచ్చింది అన్నదే దానికి ముఖ్యం. చలిని పసిగట్టే నరాల కొసలు వేరు, వేడిని పసిగట్టేవి వేరు. చలివి సంఖ్యలో ఎక్కువ, పైగా చర్మం పైపొరకు చాలా దగ్గర్లో, మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేని లోతులో ఉంటాయి. వేడివి ఇంకాస్త లోపలికి ఉంటాయి. అందుకే చల్లగాలి తగిలిన క్షణమే మనకు తెలిసిపోతుంది. మార్పు వస్తున్నంతసేపూ ఈ కొసలు గట్టిగా కేకలు వేస్తాయి, మార్పు ఆగితే గొంతు తగ్గిస్తాయి.

ఈ నరాల కొసల గుట్టు విప్పినందుకే 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అది అందుకున్న ఇద్దరిలో డేవిడ్ జూలియస్ తన వెతుకులాటను మిరపకాయతో మొదలుపెట్టాడు. మిరపలోని ఘాటు పదార్థానికి తెరుచుకునే ద్వారమూ, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే ద్వారమూ నరాల్లో ఒకటేనని తేల్చాడు. గుంటూరు మిరపకాయ కొరికినా, వేడి పెనం తగిలినా మనం ‘మండింది’ అనే అంటాం. భాష ఆ సంగతి ముందే పట్టుకుందన్నమాట. పుదీనా జాతి ఆకుల్లో ఉండే మెంథాల్ అలాగే చలి ద్వారాన్ని తెరుస్తుంది. నుదుటికి బామ్ రాసుకుంటే చల్లగా అనిపించేది అందుకే, చర్మం నిజంగా చల్లబడి కాదు.

ఇప్పుడు మీ ‘ప్రాణం లేచొచ్చిన’ అయిదు నిమిషాల సంగతి. 1967లో అమెరికాలో గాగే, స్టోల్విక్, హార్డీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మనుషుల్ని ఒక గదిలో వేడికీ చలికీ గురిచేసి, ఆ వెంటనే మామూలు ఉష్ణోగ్రతలోకి తెచ్చి అడిగారు. తలుపు దాటగానే అందరూ ‘ఇప్పుడు బాగుంది’ అన్నారు. కొలిచి చూస్తే చర్మం అప్పటికింకా మామూలు స్థితికి రానేలేదు. అంటే సుఖం ముందు వచ్చేస్తుంది, ఒళ్లు వెనకాల నింపాదిగా వస్తుంది. 1971లో కాబనాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి ఇంకో ముక్క చేర్చాడు. ఒళ్లు వేడెక్కి ఉన్న మనిషికి చన్నీళ్లలో చేయి పెడితే హాయిగా ఉంటుంది. అదే మనిషి ఒళ్లు చల్లబడ్డాక అవే చన్నీళ్లు బాధగా ఉంటాయి. హాయి నీళ్లలో లేదు, ఒంటి అవసరంలో ఉంది. అవసరం తీరిన క్షణం నుంచి అదే చల్లదనం ఇబ్బంది పెడుతుంది. మీకు జరుగుతున్నది అచ్చంగా ఇదే. మొదటి అయిదు నిమిషాలు అప్పు తీరుతోంది, ఆ తర్వాత ఏసీ మీ దగ్గర అదనంగా వసూలు చేస్తోంది.

బస్సు దిగి నడిచి వచ్చిన మీ ఒంట్లో అప్పటికి రక్తనాళాలు చర్మం కింద బాగా తెరుచుకుని ఉంటాయి. లోపలి వేడిని బయటికి తెచ్చి పారబోయడానికి రక్తమంతా చర్మం వైపు వస్తుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంటుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ చెమట అప్పటిదాకా సరిగ్గా ఆరలేదు. ఇక అద్దం తలుపు నెట్టి లోపలికి వస్తారు. ఏసీ గాలి చల్లగా ఉండడమే కాదు, పొడిగానూ ఉంటుంది. ఏసీ వెనక పైపు నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్లు ఎక్కడివనుకున్నారు? ఈ గాలిలోంచి పిండినవే. ఆ పొడిగాలి మీ తడి జాకెట్టు మీద పడుతుంది.

ఒక గ్రాము చెమట ఆవిరై పోవాలంటే, అదే ఒక గ్రాము నీళ్లను మామూలు వేడి నుంచి మరిగేదాకా కాచడానికి పట్టే వేడికి ఏడు రెట్లకు పైగా కావాలి. ఆ వేడిలో చాలా భాగం మీ వీపు నుంచే పోతుంది. మీరు అనుకుంటున్నట్టు మిమ్మల్ని వణికిస్తున్నది ఏసీ ఒక్కటే కాదు, ఆ తడి జాకెట్టు కూడా. నా దగ్గరికి ఇలాంటి బాధలతో వచ్చేవాళ్లను ముందు అడిగేది ఏసీ నంబరు గురించి కాదు, ‘లోపలికి వెళ్లేటప్పుడు వీపు తడిగా ఉంటుందా’ అనే.

వీపు చల్లబడేసరికి తెరుచుకున్న నాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. చెమట ఆగిపోతుంది. భుజాలు తెలియకుండానే చెవుల వైపు లేస్తాయి, మెడ కండరాలు బిగుస్తాయి. అద్దంలో చూసుకోండి, చలిగా ఉన్నప్పుడు ఎవరి భుజాలూ కిందికి ఉండవు. అలా బిగబట్టుకుని మూడు నాలుగు గంటలు చీరలు మడతలు విప్పుతూ, పెడుతూ నిలబడితే మెడ పట్టేయక ఏంచేస్తుంది? ఈలోగా భోజనం వేళ అవుతుంది. రేకుల షెడ్డులోకి వెళ్తే మళ్లీ నాళాలు తెరుచుకోవాలి, మళ్లీ చెమట పట్టాలి. అరగంటకు మళ్లీ కిందికి వస్తారు. మీ ఒంట్లో పాపం ఆ యంత్రాంగానికి కుదురుకునే వ్యవధే ఇవ్వట్లేదు. ఒక వాతావరణం నుంచి ఇంకోదానికి మారాక అది స్థిమితపడడానికి దాదాపు అరగంట పడుతుంది.

మా తాతగారిది పల్నాడు. రెంటచింతల ఎండలు అందరికీ తెలిసినవే కదా, ఆ చుట్టుపక్కలే మా ఊరు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, నేను రోలు పగలగా చూడలేదు గానీ మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనిపించేది కాదు. ఎవరు బయటి నుంచి వచ్చినా మా నాయనమ్మ నేరుగా లోపలి గదిలోకి రానిచ్చేది కాదు. ముందు తాటాకు పందిరి, తర్వాత వసారా, ఆ తర్వాత నడిమిల్లు, అన్నిటికంటే లోపల మట్టిగోడల చీకటి గది. పందిట్లో గాబు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. వసారాలో నులక మంచం మీద కూర్చోబెట్టి తువ్వాలు చేతికిచ్చేది. ‘ముందు వీపు తుడుచుకో, ఒళ్లు ఆరనీ’ అనేది. ఆ తర్వాతే బెల్లం ముక్క, కుండ నీళ్లు. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతుంటే ఆ ఆగడం మాకు శిక్షలా ఉండేది. వైద్యం చదివాక గానీ ఆవిడ చేసింది నాకు అర్థం కాలేదు. అరచేతుల్లో, అరికాళ్లలో వేడిని పారబోయడానికే అన్నట్టు ప్రత్యేకమైన రక్తనాళాల కలయికలు ఉంటాయి. అక్కడ నీళ్లు పోస్తే ఒళ్లంతా చల్లబడడం మొదలవుతుంది. వీపు తుడుచుకుంటే గాలికి వణుకు రాదు. పందిరికీ వసారాకీ గదికీ మధ్య వేడి కొంచెం కొంచెంగా దిగుతుంది. ఆ ఇల్లే ఒక మెట్ల వరుస. మీ షాపుకు ఉన్నది ఒక్క అద్దం తలుపు.

ఆ తలుపు దగ్గర మీరు దాటుతున్న తేడా ఎంతో ఒక లెక్క చెప్తాను. ఏసీ ఇంజనీర్ల అమెరికన్ సంఘం ఆష్రే, గదుల్లో ఉండేవాళ్ల సౌకర్యానికి ఒక ప్రమాణం రాసిపెట్టింది. దాని ప్రకారం గది ఉష్ణోగ్రత పావుగంటలో 1.1 డిగ్రీ, గంటలో 2.2 డిగ్రీలకు మించి మారకూడదు. అంతకు మించితే కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడతారని. అది గది లోపల నింపాదిగా వచ్చే మార్పుకు పెట్టిన హద్దు, తలుపు దాటి వచ్చేవాళ్లకు కాదు. అయినా పోల్చి చూడండి. మే నెలలో బయట 42 ఉన్న రోజున లోపల 22 ఉన్నా, ఒక్క అడుగులో 20 డిగ్రీలు. పైగా మీరు ఏసీ కిందే నిలబడతారు. ఏసీ నోట్లోంచి వచ్చే గాలి గది గాలి కంటే పది డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది. అదే గదిలో నాలుగు అడుగుల అవతల బిల్లు కౌంటర్ దగ్గరున్న అమ్మాయికి మీ బాధ లేకపోవడంలో వింతేమీ లేదు. ‘అందరూ చేయట్లేదా’ అన్నదానికి జవాబు కూడా ఇదే.

తుమ్ముల సంగతి. ముక్కు లోపలి పొర చాలా సున్నితమైంది. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడి చేసి ఊపిరితిత్తులకు పంపడం దాని పని. ఒక్కసారిగా చల్లటి పొడిగాలి తగిలితే కొందరిలో ఆ పొర ఉబ్బి నీరు కారుతుంది, తుమ్ములొస్తాయి. ఇది క్రిములతో వచ్చే జలుబు కాదు, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. అసలు జలుబు వైరస్ వల్లే వస్తుంది. మరి చలి తగిలితే జలుబు చేస్తుందన్న మాట ఉత్తదేనా అంటే, పూర్తిగా కాదు. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 90 మందిని చన్నీళ్లలో కాళ్లు పెట్టించి కూర్చోబెట్టారు, ఇంకో 90 మందిని ఖాళీ పాత్రలో కాళ్లు పెట్టించి కూర్చోబెట్టారు. నాలుగైదు రోజుల్లో మొదటి జట్టులో 13 మంది జలుబు చేసిందన్నారు, రెండో జట్టులో 5 గురు. అప్పటికే ముక్కులో దాక్కున్న వైరస్‌కు చలి దారిచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ. పెద్దవాళ్ల మాటలో కొంత నిజం ఉంటుంది, కానీ వాళ్లు భయపెట్టినంత ఉండదు. ఏసీ గాలి కంటే ఏసీ ఫిల్టర్‌లో పేరుకున్న దుమ్ముకు తుమ్మేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. బట్టల షాపులో నూలు దుమ్ము మామూలే. ఆ ఫిల్టర్ ఎప్పుడు కడిగారో ఒకసారి అడిగి తెలుసుకోండి.

అత్తగారి భయం దగ్గరికి వస్తాను. ఆవిడ మాటను తేలిగ్గా తీసేయను. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ కొంత పెరగడం నిజమే. జపాన్‌లో చలికాలంలో వేడి లేని గదిలో బట్టలు విప్పి, వెంటనే బాగా వేడినీళ్ల తొట్టిలో దిగే వృద్ధులు స్పృహ తప్పి చనిపోవడం పెద్ద సమస్య. ఏటా వేల మంది అలా పోతున్నారు. దానికి అక్కడ ‘హీట్ షాక్’ అనే పేరే ఉంది. కానీ చూడండి, వాళ్లు వృద్ధులు, చాలామందికి గుండె జబ్బో బీపీయో ఉంటుంది, మెడ దాకా వేడినీళ్లలో మునుగుతారు. 38 ఏళ్ల వయసులో, బీపీ, షుగర్ లేకుండా, ఏసీ గదిలోకి వెళ్లి వచ్చినందువల్ల పక్షవాతం వస్తుందని భయపడక్కర్లేదు. చల్లగాలికి మూతి వంకర పోతుందనే మాట కూడా ఆవిడ అనే ఉంటారు. ముఖం నరం వాచినప్పుడు అలా జరుగుతుంది. చాలాసార్లు దాని వెనక వైరస్ ఉంటుందని వైద్యుల అనుమానం, చల్లగాలే కారణమన్న రుజువు లేదు. మీ బీపీ ఒక్కసారి చూపించుకోండి. మామూలుగా ఉంటే ఆ కాగితం అత్తగారికి చూపించండి, ఆవిడకూ ధైర్యం వస్తుంది.

ఇక మీ వసారా ఎక్కడ కట్టుకోవాలో చెప్తాను. షాపుకు పది నిమిషాలు ముందే చేరండి. తలుపు నెట్టకముందు నీడలో, మెట్ల కిందో సెల్లార్‌లోనో ఫ్యాను ఉన్నచోటనో అయిదు నిమిషాలు నిలబడండి. చేతులూ పాదాలూ కడుక్కోండి. బ్యాగులో ఒక చిన్న నూలు తువ్వాలు, ఒక జాకెట్టు పెట్టుకుని వెళ్లండి. వచ్చిన జాకెట్టు విప్పి, వీపూ మెడా తుడుచుకుని పొడి జాకెట్టు తొడుక్కున్నాకే కౌంటర్ దగ్గరికి వెళ్లండి. నేను చెప్పేవాటిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. బస్సులో నూలు జాకెట్టు వేసుకోండి, ఎండలో అది హాయి. కానీ నూలు తడిని పట్టుకుని ఉంచుతుంది కాబట్టి దాంతోనే లోపలికి వెళ్లకండి.

చీర మీకు పెద్ద ఆస్తి. హైదరాబాద్‌లో ఇళ్ల ఉష్ణోగ్రతల మీద పరిశోధన చేసిన మాధవి ఇంద్రగంటి గారు, అమెరికా పరిశోధకులతో కలిసి, ఒంటి వేడిని కొలిచే బొమ్మకు రకరకాలుగా చీర కట్టి చూశారు. కట్టే తీరును బట్టి అదే చీర ఇచ్చే వెచ్చదనం బాగా మారుతుందని తేలింది. ఎండలో పైట ఒంటి పొరగా వదిలేయండి. లోపలికి వెళ్లాక నిండుగా భుజాల మీదుగా కప్పుకుని నడుములో దోపుకోండి. యూనిఫాం చీర పిన్నులు పెట్టి కట్టాల్సిందే అంటే, మెడ చుట్టూ పలచటి స్కార్ఫ్ ఒకటి అడిగి పెట్టుకోండి. మెడా వీపు పైభాగమూ వెచ్చగా ఉంటే మిగతా ఒళ్లు ఓర్చుకుంటుంది.

భోజనం వేళ రేకుల షెడ్డు మానేసే మార్గం ఉంటే అంతకన్నా మంచిది లేదు. రేకు మధ్యాహ్నానికి కాలి, కింద కూర్చున్నవాళ్ల నెత్తి మీదికి వేడిని కుమ్మరిస్తుంది. గాలి వేడి ఎంతున్నా, ఆ రేకు వేడి దానికి అదనం. గోడౌన్‌లోనో మెట్ల మలుపులోనో ఫ్యాను కింద తినే వీలుంటే మీరంతా కలిసి అడగండి. తప్పదంటే, తిన్నాక నేరుగా కౌంటర్‌కు రాకుండా మెట్ల మీద అయిదు నిమిషాలు ఆగి, తుడుచుకుని రండి. అక్కడా పొడి తువ్వాలు ఉండాలి.

మేనేజర్‌తో మాట్లాడడానికి మొహమాటపడకండి. ‘నాకు చలేస్తోంది సార్’ అంటే ఆయన స్వెట్టర్ వేసుకోమంటాడు. కరెంటు బిల్లు గురించి మాట్లాడండి. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్తోంది. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ 2020 జనవరి 1 నుంచి ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన కూడా పెట్టారు. 18 నుంచి 24కు పెంచి ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పితే కొనేవాళ్లకు తేడా తెలియదు. ఫ్యాను గాలి ఒంటికి రెండు మూడు డిగ్రీల చల్లదనానికి సమానం. అదీ కుదరదంటే ఏసీ రెక్కలు పైకి తిప్పమనండి, గాలి నెత్తి మీద పడకుండా కప్పు వెంబడి పోతుంది. దానికి డబ్బు ఖర్చు లేదు, ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

రాత్రి బయటికి వచ్చేటప్పుడు కూడా ఒక మెట్టు కావాలి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లను గమనించండి, ఏసీలోంచి బయటికి రాగానే అద్దాలు మసకేస్తాయి. చల్లటి అద్దం మీద గాలిలోని తేమ పేరుకోవడమది. బయటి గాలిలో తేమ అంత ఎక్కువ, అందులో చెమట ఆరదు, అందుకే బయటికి రాగానే ఒళ్లంతా జిడ్డుగా, ఉక్కగా ఉంటుంది. ఆ ఉక్కలో గబగబా నడవకండి. బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఏసీలో దాహం తెలియదు, చాలామంది మధ్యాహ్నం నుంచి చుక్క నీరు తాగకుండా బయటికొస్తారు. మీ నుదుటి నొప్పిలో కొంత భాగం నీళ్లు చాలక వస్తున్నదే అని నా అనుమానం. అయిస్ నీళ్లు గటగటా తాగితే కొందరికి నుదుట్లో చివుక్కుమంటుంది, అంతేగానీ గుండె ఆగిపోదు. కుండ నీళ్లో పల్చటి మజ్జిగో అయితే ఆ బాధే లేదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ‘వేడి ఒంటి మీద చన్నీళ్లు పోయకూడదు’ అనే మాట మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఎండలో తిరిగి వచ్చిన మామూలు మనిషి అయిదు నిమిషాలు ఆగి స్నానం చేస్తే మంచిదే. వడదెబ్బ తగిలిన మనిషికి మాత్రం ఈ నియమం పనికిరాదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఏదేదో మాట్లాడుతూ, లేదా స్పృహ తప్పి పడిపోతే, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా చన్నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. నీళ్లు పోస్తే ఏమవుతుందోనని భయపడి బట్ట కప్పి తీసుకొచ్చిన కేసులు చూశాను. ఆ పోయిన అరగంట మళ్లీ రాదు.

మీ విషయంలో మాత్రం, ఇవన్నీ చేశాక మూడు వారాలు చూడండి. అప్పటికీ తలనొప్పి రోజూ వస్తున్నా, ఒకవైపే పోటుగా వచ్చి వాంతి అవుతున్నా అది మైగ్రేన్ కావచ్చు, చూపించుకోండి. ఏసీలోకి వెళ్లగానే ఛాతీ పట్టేసి పిల్లికూతలు వినిపిస్తే ఆస్తమా పరీక్ష చేయించుకోవాలి. చలికి ఒంటి మీద దద్దుర్లు లేచినా, వేళ్లు పాలిపోయి తెల్లబడి తిమ్మిరెక్కినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. వాటికి మందులున్నాయి. ఓర్చుకోవడం మందు కాదు.

ఇంటి ఏసీ గురించి. అత్తగారు గదిలోకి రాకపోవడం మీకు కోపం తెప్పిస్తున్నట్టుంది. కానీ ఆవిడకు చలెక్కువ వేయడం వయసు లక్షణం. కండ తగ్గుతుంది, ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది. వేడి విషయంలో మాత్రం ఆ వయసులో ఇంకో ప్రమాదం ఉంది. దాహం తెలియదు, చెమట తక్కువ పడుతుంది. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి, కొన్ని గుండె వేగాన్ని తగ్గించేవి. కొలిమిలాంటి గదిలో రాత్రంతా ఉండడం ఆవిడకు ఏసీ కంటే ఎక్కువ హాని. మాత్రలు మాత్రం సొంతంగా ఆపవద్దు. వేసవిలో మోతాదు ఏమైనా మార్చాలా అని ఆవిడ డాక్టర్‌నే అడగండి.

ఏసీ 27 దగ్గర పెట్టి, ఫ్యాను ఒకటో రెండో నంబరులో తిప్పండి. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందని మీ వారు అనుకుంటూ ఉండొచ్చు. మామూలు ఏసీలో అలా ఏం కాదు, అది ఆగాల్సిన చోట ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అంతే. 27 ఎక్కువేమోనని సందేహించకండి. ఇంద్రగంటి గారు 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లను అడిగి, కొలిచి చూస్తే, ఫ్యాన్లతో, తెరిచిన కిటికీలతో బతికే మనవాళ్లకు సుమారు 29 డిగ్రీల దగ్గర వేడీ చలీ లేని స్థితి అనిపించింది. భవనాల జాతీయ నియమావళిలో అప్పట్లో రాసి ఉన్నది 23 నుంచి 26. మన ఒళ్లు మన ఊళ్లకు అలవాటు పడిన ఒళ్లు. పిల్లలు ఆడుకుని చెమటతో వస్తే ముందు హాల్లో ఫ్యాను కింద తుడిపించి, తర్వాత గదిలోకి పంపండి. పొద్దున బయటికి వెళ్లే పావుగంట ముందు ఏసీ ఆపేసి తలుపు తీయండి.

అత్తగారిని బతిమాలి లోపలికి తీసుకెళ్లకండి. సాయంత్రం తలుపు ఓరగా తీసి ఉంచి, ఆవిడ కుర్చీ గడప ఇవతల వేయండి, గాలి నేరుగా తగలకుండా. దుప్పటి ఒకటి కుర్చీ మీద వేసి ఉంచండి. రిమోట్ ఆవిడ చేతికే ఇవ్వండి, ఏ మీట నొక్కితే ఆగిపోతుందో చూపించండి. చల్లదనం తన చేతిలో ఉన్న మనిషికి దాని భయం సగం తగ్గుతుంది. వారం రోజులు ఏమీ అనకుండా, కుర్చీ ఎంత లోపలికి జరిగిందో మాత్రం గమనిస్తూ ఉండండి.